లీజు 82 ఏళ్లకు దిగింది: పొడిగించుకోవాలా, ఫ్రీహోల్డ్ కొనాలా?

ఇంగ్లండ్‌లోని మీ ఫ్లాటు లీజులో 82 ఏళ్లే మిగిలాయని, ఫ్రీహోల్డర్ (నేల, భవనం యజమాని) తనంతట తానే "పొడిగిస్తాం" అంటూ ఉత్తరం రాశాడని, పక్క ఫ్లాట్లవాళ్లేమో అందరం కలిసి ఫ్రీహోల్డే, అంటే ఆ యాజమాన్యమే, కొనేద్దాం అంటున్నారని రాశారు. 2021లో రెడింగ్‌లో నాకూ ఇదే ఎదురైంది. ముందుగా ఒక మాట: సొలిసిటర్‌కు (ఆస్తి పత్రాలు చూసే లాయర్‌కు) చూపించకుండా ఆ ఉత్తరం మీద సంతకం పెట్టకండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొంటే, దస్తావేజులో మన వాటాకు ఇన్ని గజాల అవిభాజ్య స్థలం అని రాస్తారు. ఇంగ్లండ్‌లో లీజుహోల్డ్ ఫ్లాటుకు గజం నేల కూడా రాదు, లీజులో రాసిన ఏళ్లపాటు ఉండే హక్కే వస్తుంది. నేను 2016లో కొన్నప్పుడు 86 ఏళ్లున్నాయి కదా, మనవల దాకా ఢోకా లేదనుకున్నాను. 80 దగ్గర ఒక గీత ఉందని ఎవరూ చెప్పలేదు. లీజు 80 ఏళ్లలోపుకు దిగితే, పొడిగించడం వల్ల ఫ్లాటుకు పెరిగే విలువలో సగం కూడా ఫ్రీహోల్డర్‌కు ఇవ్వాలి. దాన్నే మ్యారేజ్ వాల్యూ అంటారు. మీరు పొడిగింపు కోరుతూ నోటీసు ఇచ్చిన రోజునే లెక్క ఆగుతుంది కాబట్టి, ఆ నోటీసు 80 దాటకముందే వెళ్లాలి.

మాకు వచ్చిన ఉత్తరంలో లీజు మళ్లీ 99 ఏళ్లు చేస్తామన్నారు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ గ్రౌండ్ రెంట్ (ఫ్రీహోల్డర్‌కు ఏటా కట్టే నేల అద్దె) 150 పౌండ్ల నుంచి 300 చేసి, పాతికేళ్లకోసారి రెట్టింపు చేస్తామని లోపలి పేజీలో ఉంది. 2022 జూన్ 30 నుంచి ఇలా నేరుగా కుదుర్చుకునే ఒప్పందాల్లో పొడిగించిన ఏళ్లకు అద్దె వేయడానికి వీల్లేదు. అయినా పాత లీజులో మిగిలిన ఏళ్లకు పాత అద్దె ఉంచుకోవచ్చు. అంటే మీకైతే ఆ 82 ఏళ్లూ కట్టాల్సి రావచ్చు.

నేను లీజు పొడిగించుకునే హక్కు ఇచ్చే 1993 చట్టం దారిలో వెళ్లాను. మిగిలిన ఏళ్లకు 90 కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ మొదటి రోజు నుంచే పోతుంది. చట్టం భాషలో అద్దె ఒక మిరియపు గింజ, అంటే లేనట్టే. సర్వేయర్‌తో విలువ కట్టించి సెక్షన్ 42 నోటీసు ఇచ్చాను. జవాబివ్వడానికి ఫ్రీహోల్డర్‌కు కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలి. వాళ్లు 13,000 అడిగారు, మా సర్వేయర్ మాట్లాడి 7,400 పౌండ్లకు తెగ్గొట్టాడు. రెండు వైపుల సొలిసిటర్, సర్వేయర్ ఖర్చులు నేనే పెట్టుకున్నాను, ఇంకో 3,500 దాకా అయింది. వాళ్ల జవాబు వచ్చాక బేరం కుదరకపోతే ఆరు నెలల్లోపు ఇలాంటి తగాదాలు తేల్చే ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. ఆ గడువు దాటితే నోటీసు రద్దయి, ఏడాది దాకా మళ్లీ ఇవ్వలేరు. మా పై అంతస్తు ఆవిడ "చూద్దాం" అంటూ ఏడాదిన్నర ఆగి 79లో నోటీసు ఇచ్చింది. మాలాంటి ఫ్లాటుకే నాలుగు వేలు ఎక్కువ కట్టింది. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ బాధే, ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఇక ఫ్రీహోల్డ్. కనీసం సగం ఫ్లాట్లవాళ్లు చేరాలి. మా బ్లాకులో 12 ఫ్లాట్లు, ఆరుగురు కావాలి. మూడు నెలలు తలుపులు తట్టాను. ఐదుగురే వచ్చారు. అద్దెకిచ్చిన యజమానులు కొందరు సింగపూర్‌లో ఉంటారు, మెయిల్‌కు జవాబే ఇవ్వలేదు. కుదిరితే అదే మేలు, సర్వీస్ ఛార్జీ, మరమ్మతులు మన చేతిలోకి వస్తాయి. కానీ ఆ ఆరో మనిషి కోసం మీ 80 పోగొట్టుకోకండి. ముందు లీజు పొడిగించుకున్నా తర్వాత కొనుగోలులో చేరవచ్చు, అప్పుడు మీ ఫ్లాటు తరఫున కట్టాల్సింది తగ్గుతుంది.

లీజు నియమాలు మార్చే 2024 చట్టం వచ్చింది కదా, ఆగమంటారా అని అడిగారు. నోటీసుకు ముందు ఫ్లాటును రెండేళ్లు సొంతంగా ఉంచుకోవాలన్న షరతు 2025 జనవరి 31న పోయింది, కాబట్టి నిన్న కొన్నవారూ నోటీసు ఇవ్వవచ్చు. 990 ఏళ్ల పొడిగింపు, మ్యారేజ్ వాల్యూ రద్దు మాత్రం నేనిది రాసేనాటికి అమల్లోకి రాలేదు. 110 ఏళ్లున్నవారు ఆగవచ్చు. మీ స్థానంలో నేనుంటే ఆగను.

లీజుహోల్డ్ అడ్వైజరీ సర్వీస్ వాళ్లు ఉచితంగానే సలహా ఇస్తారు, ఫోన్ చేయండి. ఆ 82 ఎక్కడ చూసి లెక్కపెట్టారో కూడా సరిచూసుకోండి. లెక్క లీజులో రాసిన ప్రారంభ తేదీ నుంచి పెట్టాలి, బిల్డింగ్ పూర్తయిన రోజు నుంచి కాదు. మా బ్లాకులో ఆ రెంటికీ మధ్య పద్నాలుగు నెలల తేడా ఉంది.