తలుపుకి తాళం ఎందుకు పడింది?

ప్రశ్న: మాస్టారూ, నేను బరంపురంలో బీఏ హిస్టరీ చివరి సంవత్సరం. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, రాసేది ఇంగ్లీషు. ‘అమెరికా సమాజాన్ని మార్చిన ఒక ఘటన’ మీద మూడు వేల మాటల పరిశోధన వ్యాసం ఇవ్వమన్నారు. ఆరు వారాల గడువు. 1911లో న్యూయార్కులో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడిన సంగతి ఎంచుకున్నాను. మా నాన్నగారు పన్నెండేళ్లుగా సూరత్‌లో పవర్‌లూమ్ మీద పనిచేస్తున్నారు, అందుకని. షిఫ్టు దిగేటప్పుడు గేటు దగ్గర సంచులు వెతుకుతారని చెబుతుంటారు. ఇరవై పేజీల నోట్సు అయింది కానీ వ్యాసంలో ఒక్క పేరా కూడా కదలడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, బరంపురం

జవాబు: అమ్మా, నీ దగ్గర సరుకు ఉంది, ప్రశ్న లేదు. ఎం.ఏ.లో నేనూ ఇక్కడే ఇరుక్కున్నాను. అమెరికా అంతర్యుద్ధానికి ‘కారణాలు, ఫలితాలు’ అని పేరు పెట్టి అరవై పేజీలు నింపాను. మా గైడు మొదటి పేజీ చూసి, చివరి పేజీ చూసి, ‘ఇందులో నువ్వు కనుక్కున్నదేమిటి నాయనా?’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ కాగితాల మీద మా ఆవిడ చాన్నాళ్లు అప్పడాలు ఆరబెట్టింది.

ముందు జరిగినదాన్ని ఒక్క పేరాలో ముగించు. 1911 మార్చి 25, శనివారం, పని దిగే వేళ. పదంతస్తుల భవనంలో పై మూడు అంతస్తులూ ఫ్యాక్టరీవి. ఎనిమిదో అంతస్తులో గుడ్డ పీలికల డబ్బాలో మంట లేచింది. ఫైరింజన్ నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది. 146 మంది పోయారు, అందులో 123 మంది ఆడవాళ్లు. ఎక్కువమంది పొట్ట చేత పట్టుకుని ఓడ దిగిన యూదు, ఇటాలియన్ కుటుంబాల పిల్లలు. అంతే చాలు. దీన్ని నాలుగు పేజీలు సాగదీసి మాస్టారు కళ్లు తుడుచుకునేలా చెయ్యాలనుకోకు.

నీ ప్రశ్న నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వు దాటుకుని వెళ్లిపోయావు. సంచులు వెతకడం! తొమ్మిదో అంతస్తులో ఒకవైపు మెట్ల తలుపుకి తాళం ఉందని బతికినవాళ్లు చెప్పారు. అందరూ ఒకే దారిన దిగితే సంచులు చూడటం తేలిక కదా, గుడ్డ ముక్క పోతుందేమోనని యజమానుల భయం. ఇక్కడ ఆగి ఆలోచించు. పని వేళల్లో తలుపులకు తాళం వేయకూడదని న్యూయార్కులో చట్టం అప్పటికే ఉంది. ఉన్న చట్టం ఆ పిల్లలకు ఎందుకు అక్కరకు రాలేదు? ఇదీ నీ వ్యాసం. ‘ప్రమాదం జరిగింది, చట్టాలు వచ్చాయి, అమెరికా మారింది’ అని అందరూ రాసే దారి కంటే ఇది కష్టం. కానీ ఇందులో నువ్వు కనుక్కోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఈ ప్రశ్న పట్టుకుంటే నోట్సులో ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో దానంతటదే తేలుతుంది. యజమానులు బ్లాంక్, హారిస్‌ల మీద కేసు అదే ఏడు డిసెంబరులో నడిచింది, నిర్దోషులన్నారు. ఆ వేళ తాళం ఉన్న సంగతి వాళ్లకు తెలుసని రుజువైతేనే శిక్ష అని జడ్జి జ్యూరీకి చెప్పాడు. 1913లో బ్లాంక్ మళ్లీ తలుపుకి తాళం వేసి పట్టుబడ్డాడు, జరిమానా 20 డాలర్లు. ఇంకొకటి: ప్రమాదానికి సరిగ్గా ముందురోజు, మార్చి 24న, పనిలో దెబ్బ తగిలినవాళ్లకు పరిహారం ఇవ్వాలన్న చట్టాన్ని ఆ రాష్ట్ర పెద్ద కోర్టు కొట్టేసింది. ఈ రెండు తారీఖులూ పక్కపక్కన పెట్టు.

అసలు పని సాక్ష్యాల దగ్గర ఉంది. కేట్ ఆల్టర్‌మన్ అనే అమ్మాయి తన తోటి పనిపిల్ల ఆ తలుపు దగ్గర ఎలా చనిపోయిందో కోర్టులో చెప్పింది. యజమానుల తరఫు లాయరు మాక్స్ స్టూయర్ మళ్లీ చెప్పమన్నాడు, మళ్లీ చెప్పమన్నాడు. ఇంచుమించు అవే మాటలు వచ్చాయి. చూశారా, ఎవరో బట్టీ పట్టించారు అన్నాడు. నువ్వేమంటావు? మా ఆవిడ 2013 ఫైలిన్ తుఫాను రాత్రి గురించి ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట మారదు. ‘ముందు కొబ్బరిచెట్టు, తర్వాత కరెంటు, తర్వాత మీ అమ్మ’ అదే వరస. ఆవిడకి ఎవరూ నేర్పలేదు. అయితే లాయరు అనుమానం వట్టి దుర్మార్గం అని కూడా రాసెయ్యకు. రెండు వైపులా తూచి, ఎటు మొగ్గుతావో, ఎందుకో చెప్పు. కనీసం రెండు పేజీలు ఈ ఒక్క సాక్ష్యానికే ఇవ్వు. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల కీల్ సెంటర్ ఈ ప్రమాదం మీద పత్రాలు, బతికినవాళ్ల ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లో పెట్టింది. కాలేజీ కంప్యూటర్‌లో చూడు, ఫోన్‌లో కళ్లు పోతాయి.

నీ వాదానికి అడ్డొచ్చేవాటినీ దాచకు. 1909లోనే సుమారు 20 వేల మంది బట్టల కార్మికులు సమ్మె చేశారు, ఈ ఫ్యాక్టరీ వాళ్లూ అందులో ఉన్నారు. కాబట్టి అంతా నిప్పే మార్చిందంటే తప్పు. ప్రమాదం తర్వాత వేసిన విచారణ కమిషన్ వల్ల 30కి పైగా చట్టాలు వచ్చాయి, కాబట్టి ఏమీ మారలేదన్నా తప్పే. మంటలు కళ్లారా చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ 1933లో దేశ కార్మిక మంత్రి అయింది. ఆమెకు ఒక్క వాక్యం చాలు.

మన ఊళ్లో పుట్టిన వి.వి.గిరి రైల్వే కార్మికుల నాయకుడిగా పేరు తెచ్చుకుని రాష్ట్రపతి అయ్యారు, ఆయన్నీ లాక్కొద్దామని నీకు చెయ్యి దురద పెడుతుంది. నాకే పెడుతోంది. వద్దు. సూరత్ కూడా వద్దు. అది నీకు ప్రశ్న ఇచ్చింది, దాని పని అయిపోయింది. వ్యాసమంతా న్యూయార్కులోనే ఉండనీ.

మూడు వారాలు చదువు, రెండు వారాలు రాయి, ఒక వారం కొట్టివేతలకి. కోర్టు భాగం ముందు రాసుకో, మొదటి పేరా అన్నిటికంటే చివర. నాన్నగారు ఠాకురాణి యాత్రకి ఊరొస్తారేమో. ఆ తలుపు భాగం తెలుగులో చెప్పి వినిపించు, ఆయన మొట్టమొదట ఏమడుగుతారో నాకో కార్డు ముక్క రాయి.