బీరువాలోనే ఉండిపోతున్న మేకర్‌స్పేస్ సామగ్రి: సమాధానం

తిరుపతిలోని మీ పాఠశాలలో మేకర్‌స్పేస్ గది (పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారుచేస్తూ నేర్చుకునే గది) తెరిచి నాలుగు నెలలైనా పిల్లలు పనిముట్లు ముట్టుకోవడం లేదని రాశారు. దీనికి కారణం పిల్లల అనాసక్తి కాకపోవచ్చు. చాలా చోట్ల అసలు అడ్డంకి బీరువా తాళమే. ఒక్క ఎల్‌ఈడీ కాలిపోయినా తామే జవాబు చెప్పుకోవాలన్న భయంతో బాధ్యతలో ఉన్న ఉపాధ్యాయులు ఆ తాళం తీయరు.

1. స్టాకు రిజిస్టరును రెండుగా విడదీయండి. చాలామంది వదిలేసేది ఈ పనినే. ఆర్డుయినో బోర్డులు (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు), డ్రిల్లింగ్ యంత్రం, సోల్డరింగ్ ఐరన్ (తీగలను అతికే వేడి పనిముట్టు) నిలిచి ఉండే వస్తువులు. ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు (విద్యుత్ ప్రవాహాన్ని తగ్గించే భాగాలు), తీగలు, బ్యాటరీలు వాడకంలో అయిపోయే వస్తువులు. ఈ రెండో రకాన్ని నెలనెలా ఖర్చు కింద రాసి ప్రధానోపాధ్యాయుల సంతకం తీసుకుంటే, పాడైన వస్తువు ఎవరి తప్పూ కాదు, పాఠంలో భాగమవుతుంది.

2. ఖర్చయ్యే సామాన్లను తాళం లేని డబ్బాల్లో, పిల్లల చేతికందే ఎత్తులో పెట్టండి.

3. టైంటేబుల్‌లో వరుసగా రెండు పీరియడ్లు అడగండి. ఒక్క పీరియడు సామాన్లు తీసి సర్దడానికే సరిపోతుంది.

4. మొదటి పనిగా 5 వోల్టుల సరఫరాకు 220 ఓముల రెసిస్టరుతో ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించమనండి. అప్పుడు సుమారు 14 మిల్లీఆంపియర్ల విద్యుత్తు మాత్రమే ప్రవహిస్తుంది కాబట్టి అది కాలిపోదు.

5. ఏర్పేడు మండలం మాధవమాల నుంచి కొయ్యబొమ్మలు చెక్కే శిల్పిని ఒక పూట ఆహ్వానించండి. ఉలి ఏ వాలులో పట్టాలో ఆయన పిల్లవాడి మణికట్టు పట్టుకుని చూపించినంత బాగా ఏ వీడియో చూపించలేదు.