డబ్బు కట్టిన సీటు దక్కలేదు, ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. దాని పురిటికి సాయంగా ఉంటారని అమ్మానాన్నలను జూన్‌లో పంపించాను. రానూపోనూ టికెట్లు ఒక ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో నా కార్డుతో కొన్నాను. హైదరాబాద్ నుంచి మధ్యలో దిగే ఊరి దాకా వాళ్ల విమానమే. అక్కడి నుంచి డాలస్‌కు టికెట్ మీద నంబరు వాళ్లదే కానీ నడిపేది ఇంకో కంపెనీ. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. అందుకే ఆ రెండో విమానంలో ఒక ఐల్ (నడిచే దారి వైపు) సీటు, దాని పక్క సీటు తీసుకుని విడిగా 9,400 రూపాయలు కట్టాను. ముందు రోజు వెబ్ చెక్-ఇన్ చేయబోతే ‘బుకింగ్ దొరకలేదు’ అని వచ్చింది. శంషాబాద్‌లో మొదటి విమానానికే బోర్డింగ్ పాసులిచ్చారు. రెండోదానికి అక్కడ దిగాక ఇచ్చారు. నాన్నకు 41వ వరసలో మధ్య సీటు, అమ్మకు 27లో. అమ్మిన కంపెనీని అడిగితే నడిపిన కంపెనీని అడగమంటుంది. నడిపిన కంపెనీ ‘డబ్బు మాకు రాలేదు’ అంటుంది. ఎవరి మీద, ఎక్కడ, ఎవరి పేరుతో కేసు వేయాలి? వాళ్లు నవంబర్‌లో తిరిగి రావాలి.

జవాబు: ముందు టికెట్ ప్రింటు తీసి చూడండి. ప్రయాణికుల పేర్ల దగ్గర 13 అంకెల టికెట్ నంబరు ఉంటుంది. మొదటి మూడు అంకెలు ఆ టికెట్ జారీ చేసిన కంపెనీవి. 098 అయితే ఎయిర్ ఇండియా, 176 అయితే ఎమిరేట్స్, అలా. సీట్ల కోసం కట్టిన డబ్బుకు కూడా ఇలాంటి నంబరుతోనే వేరే రసీదు మీ ఈమెయిల్‌కు వచ్చి ఉండాలి. దాన్ని ఈఎండీ అంటారు. దాని మీదా అవే మూడు అంకెలుంటే, డబ్బు తీసుకున్నదెవరన్న గొడవ అక్కడికి తెగిపోతుంది. కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ 9,400 ఎవరి పేరు మీద పోయిందో ఆ పేజీ కూడా జత చేయండి.

ఇక చెక్-ఇన్ ఎందుకు కాలేదంటారా? ఇలా ఒక కంపెనీ నంబరుతో అమ్మి ఇంకో కంపెనీ నడిపేదాన్ని కోడ్‌షేర్ అంటారు. అలాంటి టికెట్‌కు చాలాసార్లు రెండు పీఎన్‌ఆర్‌లు ఉంటాయి. మీకు ఈమెయిల్‌లో వచ్చింది అమ్మిన కంపెనీది. నడిపే కంపెనీ సిస్టమ్‌లో అదే ప్రయాణం ఇంకో పీఎన్‌ఆర్ కింద ఉంటుంది. వాళ్ల సైట్‌లో మీ దగ్గరున్నది కొడితే దొరకదు. సీట్ల సంగతీ అంతే. ఇక్కడ మీరు ఎంచుకున్నది అక్కడికి సరిగా చేరకపోయినా, చివర్లో విమానం రకం మారినా, వాళ్ల కంప్యూటర్ తోచిన సీట్లు ఇచ్చేస్తుంది. ఒకటి మాత్రం చెప్పాలి. వెబ్ చెక్-ఇన్ కాకపోవడం ఒక్కటే పట్టుకుని కేసు వేస్తే నిలవదు. అది సదుపాయమే తప్ప హక్కు కాదు. పైగా అమెరికా వెళ్లేవాళ్ల వీసా కాగితాలు కౌంటర్‌లో చూడకుండా పాసు ఇవ్వకపోవడం మామూలే. మీ కేసంతా సీటు డబ్బు చుట్టూనే.

మన దేశంలో విమాన ప్రయాణాలకు 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టం ఉంది. అంతర్జాతీయ విమాన ప్రయాణాల మీద దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం 2009 నుంచి అందులో భాగం. టికెట్ అమ్మిన కంపెనీ వేరు, నడిపిన కంపెనీ వేరు అయినప్పుడు ఏం చేయాలో అందులో 39వ అధికరణం నుంచి రాసి ఉంది. అమ్మిన కంపెనీ ప్రయాణం మొత్తానికీ, నడిపిన కంపెనీ తాను నడిపిన మేరకూ బాధ్యులు. కాబట్టి ‘వాళ్లను అడగండి’ అన్న జవాబు చట్టం ముందు చెల్లదు.

అలాగని కంప్లైంట్ నిండా మాంట్రియల్ అధికరణాలు దించకండి. మా లాయర్లలో కొందరికి ఆ అలవాటుంది. ఆ ఒప్పందం చూసేది ప్రధానంగా గాయాలు, మరణం, సామాను, ఆలస్యం. ఇచ్చిన సీటు వేరే కావడం వీటిలో దేనికిందా సరిగా ఇమడదు. మీరే దాన్ని ఆధారం చేసుకుంటే, అవతలి లాయరు అందులోని 29వ అధికరణం తీసి మానసిక వేదనకు పరిహారం అడగకూడదంటాడు. మీకు పనికొచ్చేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. డబ్బు తీసుకుని చెప్పిన సేవ ఇవ్వకపోవడం సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం.

‘సీటు గ్యారంటీ లేదు’ అని షరతుల్లో ఉందని తప్పకుండా అంటారు. ఉంటుంది కూడా. భద్రత కోసమో విమానం మారినందుకో సీటు మార్చే వీలు ఆ షరతు ఇస్తుంది. మార్చాక మీ డబ్బు దగ్గర పెట్టుకునే వీలు ఇవ్వదు. అయితే ‘ఇది అన్యాయమైన ఒప్పందం’ అని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రాయకండి. ఆ వాదన వినే అధికారం రాష్ట్ర కమిషన్‌కు, ఆ పైన జాతీయ కమిషన్‌కే ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని కంప్లైంట్ తిప్పి పంపిస్తారు. సేవాలోపం అనే రాయండి.

డబ్బు కట్టింది మీరు, ఇబ్బంది పడింది వాళ్లు. మీ అనుమతితో సేవ పొందినవాళ్లూ చట్టం దృష్టిలో వినియోగదారులే. కాబట్టి ముగ్గురి పేర్లతో వేయండి. ఎదుటి పక్షాలుగా రెండు కంపెనీలనూ చేర్చండి, అమ్మినవాళ్లు మొదట. సెక్షన్ 34(2)(డి) వల్ల మీరుండే చోటే, అంటే కరీంనగర్ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ఆ కంపెనీకి అక్కడ ఆఫీసు ఉండక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

కేసుకు ముందు ఇద్దరికీ ఒకే నోటీసు, ఒకే ఈమెయిల్‌లో పంపండి. 15 రోజుల గడువు పెట్టండి. అందులో ఇంకో ముక్క కలపండి: కట్టించుకున్న అదనపు సేవ అందకపోతే ఆ ఫీజు తిరిగి ఇవ్వాలని అమెరికా రవాణా శాఖ 2024లో నిబంధన తెచ్చింది. అమెరికా వెళ్లే, అక్కడి నుంచి వచ్చే విమానాలకూ అది వర్తిస్తుంది. ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయడానికి రూపాయి ఖర్చు లేదు. చాలా కంపెనీలు అక్కడి ఫిర్యాదుకు కదిలినంత వేగంగా మన నోటీసుకు కదలవు, ఏం చేస్తాం. ఇక్కడ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఆ ఫిర్యాదు నంబరు కూడా దాచుకోండి.

పరిహారం పది లక్షలు అడగమని ఎవరైనా చెప్తే వినకండి. 9,400, దాని మీద వడ్డీ, నాన్నగారి ఇబ్బందికి ఓ మోస్తరు మొత్తం, కోర్టు ఖర్చులు. ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, ఆ 41, 27 నంబర్లున్న బోర్డింగ్ పాసులు ఇక్కడ మీ బలం. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పే 75 శాతం వాపసు మీకు రాదు. అది బిజినెస్ నుంచి ఎకానమీకి దించినట్టు, క్లాసు తగ్గించినప్పటి మాట.

తిరుగు ప్రయాణం సంగతి ఇప్పుడే చూడండి. అమ్మిన కంపెనీకి ఫోన్ చేసి ‘నడిపే కంపెనీ పీఎన్‌ఆర్ ఇవ్వండి’ అని అడగండి. దాంతో వాళ్ల సైట్‌లోకి వెళ్లి, మీరు తీసుకున్న సీట్లు నిజంగా అక్కడ కనిపిస్తున్నాయో లేదో చూసి స్క్రీన్‌షాట్ తీయండి. వీల్‌చైర్ కూడా ఆ కంపెనీకే చెప్పండి, దానికి డబ్బు లేదు. నాన్నగారి కాలు అసలు వంగని స్థితిలో ఉంటే, అమెరికా నుంచి బయల్దేరే విమానంలో కాళ్లు చాపుకునే సీటు అదనపు రుసుము లేకుండా ఇవ్వాలని అక్కడి నిబంధన ఉంది. డాక్టరు రాసిన ఇంగ్లీషు చీటీ ఒకటి చెల్లెలికి వాట్సాప్‌లో పంపించి, ప్రింటు తీసి ఉంచమనండి.