అన్నం అరుగుతుంది, గడ్డి అరగదు: రెండూ గ్లూకోజే కదా?

బియ్యంలోని స్టార్చ్, వరిగడ్డిలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ గొలుసులే అయినప్పుడు ఒకటి మనకు అరిగి, రెండోది ఎందుకు అరగదన్నది ప్రశ్న. తేడా పూసల్లో లేదు, వాటిని గుచ్చిన తీరులో ఉంది.

రెండిట్లోనూ ఒక గ్లూకోజ్ 1వ కార్బన్ పక్కదాని 4వ కార్బన్‌తో ముడిపడుతుంది. ముడి పడ్డ ప్రతిచోటా ఒక నీటి అణువు బయటికి పోతుంది. స్టార్చ్‌లో ఆ బంధం ఆల్ఫా రకం. దాంతో స్టార్చ్‌లో కొమ్మల్లేని రకమైన అమైలోజ్ గొలుసు స్ప్రింగులా తిరుగుతుంది, చుట్టుకు సుమారు 6 గ్లూకోజ్‌లు. సెల్యులోజ్‌లో బీటా రకం: ప్రతి గ్లూకోజ్ పక్కదానికి తిరగబడి కూర్చుంటుంది, గొలుసు తిన్నగా సాగుతుంది. అలాంటి గొలుసులు పక్కపక్కన చేరి, హైడ్రోజన్ బంధాలతో పేనిన తాడులా బిగుసుకుంటాయి. ఎంత ఉడికించినా గడ్డి గంజి కాకపోవడం అందుకే.

మన లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ ఆల్ఫా బంధాన్నే తెంపగలదు. నిజానికి ఆవుకూ సెల్యులోజ్‌ను తెంపే ఎంజైమ్ సొంతంగా లేదు. ఆ పని దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులది.

స్ప్రింగు ఉందనడానికి రుజువు ఇంట్లోనే దొరుకుతుంది. చల్లారిన పల్చటి గంజిలో 2 చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. అయోడిన్ ఆ చుట్టల్లోకి దూరి ముదురు నీలం తేలుతుంది. పొగలు కక్కే గంజిలో వేస్తే రంగు నిలవదు, వేడికి అయోడిన్ చుట్టల్లోంచి జారిపోతుంది. ప్రయోగం చెడేది ఎక్కువగా ఇక్కడే. బంకబియ్యం గంజైతే నీలం బదులు ఎర్రటి గోధుమ రంగు వస్తుంది, అందులో ఉండేది దాదాపుగా స్టార్చ్‌లోని రెండో రకం, కొమ్మలున్న అమైలోపెక్టినే. అయ్యాక ఆ గంజి పారబోయండి, కుడితిలో కలపొద్దు.