తల చూసి మోసపోకండి

ప్రశ్న: మైపాడు బీచ్‌లో జనవరిలో సీగల్స్‌ని ఫొటోలు తీశానండీ. బ్రౌన్ హెడెడ్ గల్లో, బ్లాక్ హెడెడ్ గల్లో తేలడం లేదు. అన్నిటికీ తెల్ల తలే, చెవి దగ్గర నల్ల మచ్చ.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చలికాలంలో రెండింటికీ తల రంగు పోతుంది, కాబట్టి పేరుని నమ్ముకుంటే అంతే సంగతులు. ఎగిరేటప్పుడు తీసిన ఫొటో ఉంటే రెక్క కొస చూడండి: బాగా నల్లగా ఉండి అందులో తెల్ల చుక్కలుంటే బ్రౌన్ హెడెడ్, రెక్క ముందంచు తెల్ల పట్టీలా ఉండి చివర సన్నగా నలుపుంటే బ్లాక్ హెడెడ్. వాలినదైతే కన్ను జూమ్ చేయండి, ఎదిగిన బ్రౌన్ హెడెడ్‌కి లేత రంగులో ఉంటుంది. అసలు చిక్కంతా పిల్లలతోనే! మొదటి చలికాలంలో ఆ చుక్కలూ ఉండవు, కన్నూ నల్లగానే ఉంటుంది. నేనైతే వాలిన పిల్ల ఫొటో ఒక్కటే చూసి పేరు పెట్టను.