లాభంలో వాటా సంగతి తర్వాత, డబ్బు తిరిగొచ్చే వరస ముందు

మీరు అడిగింది: నవల ఆధారంగా సినిమా తీస్తున్నారు, రచయిత నోటిమాటతో ఒప్పుకున్నారు. బడ్జెట్‌లో 70 శాతం ముగ్గురు స్నేహితుల పెట్టుబడి, 30 శాతం అప్పు. సినిమాని వేరే వేరే దేశాల డిస్ట్రిబ్యూటర్లకి అమ్మిపెట్టే సేల్స్ ఏజెంట్ 20 శాతం కమిషన్ అంటున్నాడు. స్నేహితులకి లాభంలో సగం రాసిస్తే సరిపోతుందా?

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈ బేరం. లాభం దాకా డబ్బు వస్తుందో లేదో ముందు చూడాలి. బడ్జెట్ 100 అనుకోండి. సినిమా అన్ని దేశాల్లో కలిపి సరిగ్గా 100కే అమ్ముడైంది. ఏజెంట్ కమిషన్ 20 పోయింది. పోస్టర్లు, ట్రైలర్, ఫిల్మ్ మార్కెట్ల ప్రయాణాల కింద ఏజెంట్ ఇంకో 10 పట్టుకున్నాడు. వసూళ్ల ఖాతా నడిపేవాళ్లకి 1 (వసూళ్లలో ఒక శాతం). మిగిలింది 69. ఫైనాన్షియర్‌కి అసలు, వడ్డీ, ఫీజులు కలిపి 34 కట్టాక 35 మిగిలింది. మీ స్నేహితులు పెట్టింది 70.

అంటే బడ్జెట్ అంత వసూలు చేసిన సినిమా కూడా వాళ్లకి సగమే తిరిగిచ్చింది. పైగా పెట్టుబడి పెట్టినవాళ్లు అసలు మీద 20 శాతం అదనంగా అడగడం మామూలే. అలా ఒప్పుకుంటే 84 వాళ్లకి చేరాకే లాభం లెక్క మొదలవుతుంది. ఇవే అంకెలతో వెనక్కి కట్టి చూడండి, సినిమా దాదాపు 162కి అమ్ముడయ్యేదాకా పంచుకోవడానికి పైసా ఉండదు. ఈ లెక్క కాగితం మీద వేసి సంతకాలకి ముందే వాళ్లకి చూపించండి. తర్వాత కోర్టుల దాకా పోయే గొడవల్లో చాలా భాగం ఇక్కడే ఆగిపోతాయి.

కాబట్టి బేరం ఆడాల్సింది ఈ పై మెట్ల దగ్గర. ఏజెంట్ 20 శాతం అడగడం అన్యాయమేం కాదు, 10 నుంచి 25 దాకా ఉంటుంది. ఆ 20లోనే స్థానిక సబ్ ఏజెంట్ల కమిషన్ కూడా కలిసి ఉండాలని రాయించండి. అసలు ప్రమాదం ఖర్చుల దగ్గర. గరిష్ఠ పరిమితి ఒక అంకెలో ఉండాలి, అది దాటాలంటే మీ రాతపూర్వక అనుమతి కావాలి. ఆఫీసు అద్దె, జీతాలు అందులోకి రాకూడదు. ఒకే మార్కెట్‌కి పది సినిమాలు పట్టుకెళ్తే ఆ ఖర్చు పదింటి మీదా పడాలి. ఇంకో సినిమా నష్టాన్ని మీ వసూళ్లతో సర్దుకునే క్లాజు కనిపిస్తే కొట్టేయించండి. లెక్కల పుస్తకాలు ఆడిట్ చేయించే హక్కు వదులుకోవద్దు.

డబ్బు ఏజెంట్ సొంత ఖాతాలో పడకుండా, కొనుగోలుదారులు నేరుగా మూడో సంస్థ నడిపే కలెక్షన్ అకౌంట్‌లో (పైన చెప్పిన వసూళ్ల ఖాతా ఇదే) వేసేలా చేయడం మంచిది. ఆ ఒప్పందంలో మీరు, ఏజెంట్, ఫైనాన్షియర్, స్నేహితులు అందరూ సంతకం పెడతారు, ఎవరి తర్వాత ఎవరికి అన్న వరస అందులోనే ఉంటుంది. ఏజెంట్ సంస్థ దివాలా తీసినా మీ డబ్బు అందులో ఇరుక్కోదు. అమ్మకాలు మరీ చిన్నవైతే ఈ ఖర్చు గిట్టదు. అప్పుడు కనీసం మీ డబ్బుని ఏజెంట్ సొంత డబ్బుతో కలపకుండా ఉంచే విడి ట్రస్ట్ ఖాతా అడగండి.

ఇక నవల. నోటిమాట మీద షూటింగ్ మొదలుపెట్టకండి. కాపీరైట్ బదిలీకి సంతకం పెట్టిన కాగితం కావాలని చాలా దేశాల చట్టాలు అంటాయి. ఆప్షన్ ఒప్పందం (గడువులోగా హక్కులు కొనుక్కునే అవకాశాన్ని మీకే అట్టిపెట్టే కాగితం) రాసుకోండి: సాధారణంగా 12 నుంచి 18 నెలలు, డబ్బు కడితే మరికొంత పొడిగింపు, ఆప్షన్ ఫీజు కొనుగోలు ధరలో 10 శాతం చుట్టూ. కొనుగోలు ధర, షరతులు కూడా అప్పుడే ఖాయం చేసి జతపరచాలి. ‘ధర తర్వాత మాట్లాడుకుందాం’ అని ఉంటే చాలా చోట్ల దానికి కట్టుబడి ఉండమని ఎవర్నీ బలవంతం చేయలేరు. గడువు లోపల రాతపూర్వకంగా నోటీసిచ్చి, డబ్బు కట్టి హక్కు కొనాలి. ఈ నోటీసు మర్చిపోయి షూటింగ్‌కి వెళ్లిపోయేవాళ్లు తక్కువేం కాదు. రచయిత సినిమా హక్కులు ఇదివరకే ప్రచురణకర్తకి ఇచ్చేశారేమో చూసి, ఇవ్వలేదని ప్రచురణకర్త నుంచి ఒక లేఖ తీసుకోండి.

స్క్రిప్ట్ రాసినవాళ్లు, డైలాగుల్లో ‘ఊరికే చేయి వేసినవాళ్లు’, దర్శకుడు, సంగీత దర్శకుడు, అందరి నుంచీ హక్కుల బదిలీ పత్రం కావాలి. జీతం ఇచ్చాం కాబట్టి హక్కు మనదే అన్న సూత్రం అన్ని దేశాల్లోనూ చెల్లదు. ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకోటుంది. సినిమాకి విడి కంపెనీ పెట్టకముందే నిర్మాత సొంత పేరు మీద కొన్ని కాగితాలు రాసుకుంటాడు. తర్వాత వాటిని కంపెనీకి బదిలీ చేయడు. రచయిత నుంచి కంపెనీ దాకా హక్కులు చేతులు మారిన గొలుసులో ఆ ఒక్క లంకె లేకపోతే ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ బీమా (సినిమా హక్కుల మీద ఎవరైనా దావా వేస్తే ఆదుకునే బీమా) ఇచ్చేవాళ్లు పాలసీని ఆపేస్తారు, ఆ పాలసీ లేకుండా పెద్ద డిస్ట్రిబ్యూటర్ సినిమా తీసుకోడు.

పాత పాట వాడితే రెండు లైసెన్సులు: బాణీ, సాహిత్యానికి ఒకటి, రికార్డింగ్‌కి ఒకటి. ఫెస్టివల్స్‌లో చూపించడానికి మాత్రమే పనికొచ్చే, చవగ్గా దొరికే ఫెస్టివల్ లైసెన్సు తీసుకుంటే, పూర్తి హక్కులకి పెంచుకునే ధర కూడా అదే కాగితంలో రాయించుకోండి. సినిమా అమ్ముడయ్యాక అడిగితే అవతలివాళ్లు చెప్పిందే ధర.

ముందస్తు అమ్మకాల ఒప్పందం (సినిమా పూర్తికాకముందే డిస్ట్రిబ్యూటర్ కొనే ఒప్పందం) దొరికితే దాన్ని చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేయకండి. సంతకం రోజు 10 నుంచి 20 శాతం వస్తుంది, మిగతాది డెలివరీని, అంటే మీరు అప్పగించిన సినిమాని, దాని సామగ్రిని కొన్నవాళ్లు అంగీకరించాకే. ఆ డెలివరీ జాబితాలో డైలాగ్ లేని మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్ ట్రాక్, తెర మీద టైటిళ్ల అక్షరాలు లేని దృశ్యాలు, మ్యూజిక్ క్యూ షీట్ (ఏ సంగీతం ఎక్కడ, ఎంతసేపు వాడారో చెప్పే పట్టిక), హక్కుల కాగితాలు, బీమా సర్టిఫికెట్ ఉంటాయి. ఆ ఖర్చుకి బడ్జెట్‌లో గడి లేకపోతే పూర్తయిన సినిమా మీద కూడా డబ్బు ఆగుతుంది, ఈలోగా ఫైనాన్షియర్ వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

స్నేహితులు ముగ్గురితో ఆగితే సరే. సోషల్ మీడియాలో ‘పెట్టుబడి పెట్టండి, లాభం పంచుతాం’ అని పోస్టు పెడితే చాలా దేశాల్లో అది ప్రజలకి సెక్యూరిటీలు (షేర్లలాంటి పెట్టుబడి పత్రాలు) అమ్మడం కిందికి వస్తుంది. ముందు లాయర్‌ని అడగండి. మీ ఫైనాన్షియర్ మీ వ్యక్తిగత హామీ కోరితే, అది ఎంత మొత్తానికి, ఏ రోజు దాకా అన్నది రాయించకుండా సంతకం పెట్టకండి.