డిస్క్ పోలేదు, సెట్టింగ్ పోయింది

ప్రశ్న: అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ చేశాను. విండోస్ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో ఉంది కాబట్టి మామూలుగానే వస్తోంది. ఫొటోలు దాచుకున్న 2 టీబీ సాటా హార్డ్ డిస్క్ మాత్రం కనిపించడం లేదు. డేటా పోయినట్టేనా?
– ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: అప్‌డేట్ మార్చేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే బయోస్ ప్రోగ్రామ్‌ను, మీ ఫొటోల జోలికి అది వెళ్లదు. కాకపోతే బయోస్‌లో అంతకుముందు పెట్టుకున్న సెట్టింగులు చాలావరకు డిఫాల్ట్‌కు వెళ్లిపోతాయి. చిక్కంతా సాధారణంగా అక్కడే.

డిస్క్ బయోస్‌కు కనిపిస్తోందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. పీసీ ఆన్ చేస్తూనే డిలీట్ కీ, కొన్ని బోర్డుల్లో ఎఫ్2 నొక్కి లోపలికి వెళ్లండి. సాటా లేదా స్టోరేజ్ కాన్ఫిగరేషన్ పేజీలో ఒక్కో పోర్టు ఎదురుగా డిస్క్ మోడల్ నంబరో, ఖాళీ అనో ఉంటుంది. బూట్ ఆర్డర్ పేజీ చూసి డిస్క్ లేదనుకోవద్దు. విండోస్ లేని డిస్క్ అందులో రాకపోవచ్చు.

బయోస్‌లో ఉండి విండోస్‌లో లేకపోతే పని తేలిక. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. 'ఆఫ్‌లైన్' అని ఉంటే ఎడమవైపు డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ చేయండి. పార్టిషన్ బాగానే ఉండి డ్రైవ్ అక్షరం లేకపోతే అక్షరం ఇవ్వండి. ఫార్మాట్ చేయమని అడిగితే మాత్రం క్యాన్సిల్ కొట్టండి.

బయోస్‌లోనే లేకపోతే సాటా కంట్రోలర్, మీ డిస్క్ ఉన్న పోర్టు 'ఎనేబుల్డ్'గా ఉన్నాయా చూడండి. ఆ తర్వాత ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ సంగతి. చాలా బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్, చివరి రెండు సాటా పోర్టులు (ఎక్కువగా 5, 6) ఒకే డేటా లైన్లను పంచుకుంటాయి. కొన్నింటిలో ఆ లైన్లు ఎవరికి ఇవ్వాలో బయోస్‌లోనే ఎంచుకోవాలి. అప్‌డేట్ తర్వాత ఆ ఎంపిక తారుమారు కావచ్చు. మాన్యువల్‌లో సాటా పోర్టుల పట్టిక చూసి, పంచుకోని పోర్టుకు డిస్క్ మార్చండి.

బయోస్‌లో ఫాస్ట్ బూట్ కూడా ఆపి చూడండి. హార్డ్ డిస్క్ పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, బయోస్ అంతసేపు ఆగకపోవచ్చు. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే కనిపించక, రీస్టార్ట్ చేస్తే కనిపిస్తుంటే అనుమానం దీని మీదే.

ఇవేవీ కాకపోతే కేబుళ్లు. అప్‌డేట్ పనిలో పనిగా క్యాబినెట్ తెరిచి దుమ్ము దులిపేవాళ్లు చాలామంది. అప్పుడు సాటా కేబుల్ వదులవుతుంది, తిట్లు బయోస్‌కు పడతాయి. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, డేటా కేబుల్, పవర్ కనెక్టర్ రెండూ ఊడదీసి గట్టిగా పెట్టండి. ఆన్ చేశాక డిస్క్ అంచు మీద వేలు ఆనిస్తే సన్నటి వణుకు తెలియాలి. తెలియకపోతే పవర్ అందడం లేదు, లేదా డిస్కే పాడైంది. డేటా కేబుల్ ఏదైనా మార్చి చూడవచ్చు కానీ మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగల) ఎస్‌ఎంపీఎస్ పవర్ కేబుల్‌ను వేరే ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించకండి. పిన్ను పట్టినా లోపలి వైరింగ్ కంపెనీకో రకంగా ఉంటుంది, డిస్క్ కాలిపోవచ్చు.

డిస్క్ తిరిగి కనిపించాక, దాని ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో చూడండి. సీ7 (డేటా బదిలీలో తప్పులు) వరుసలో అంకె పెరుగుతూ పోతుంటే ఎక్కువగా కేబుల్ లోపం. సీ5 (చదవడం కష్టమవుతున్న సెక్టార్లు) రా వాల్యూ సున్నా కాకపోతే ముందు ఫొటోలు కాపీ చేసుకోండి, మిగతావన్నీ తర్వాత.

ప్రశ్న: 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్. బయోస్ అప్‌డేట్ తర్వాత 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలి తెర వస్తోంది. పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేద్దామంటే అసలు డ్రైవే చూపించడం లేదు.
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మళ్లీ వేసే తొందర వద్దు. బయోస్‌లో వీఎండీ అనే ఇంటెల్ సెట్టింగ్ ఉంటుంది. విండోస్ వేసినప్పుడు అది ఏ స్థితిలో ఉందో ఇప్పుడూ అలాగే ఉండాలి. మారితే ఎస్‌ఎస్‌డీ వేరే కంట్రోలర్ వెనక చేరుతుంది, దాని డ్రైవర్‌ను విండోస్ బూట్‌లో లోడ్ చేయదు. ఆన్‌లో ఉంటే ఆఫ్, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి, ఎఫ్10తో సేవ్ చేయండి. అదే కారణమైతే విండోస్ వచ్చేస్తుంది.

ఇన్‌స్టాలర్‌కు డ్రైవ్ కనిపించకపోవడం విడి విషయం. వీఎండీ ఆన్‌లో ఉంటే, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పిన ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి 'లోడ్ డ్రైవర్' నొక్కాలి.

వీఎండీ శాశ్వతంగా ఆపాలనుకుంటే విండోస్ పనిచేస్తుండగా ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో నేరుగా బయోస్‌కు వెళ్లి మార్చండి. ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వచ్చాక టిక్ తీసేయండి. అక్కడ పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ ముందే గుర్తు చేసుకోండి.

ప్రశ్న: రెండు డిస్కులు రెయిడ్ 0గా కలిపి వాడుతున్నాను. అప్‌డేట్ తర్వాత విడివిడిగా కనిపిస్తూ, 'ఇనీషియలైజ్' చేయమంటున్నాయి.
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చేయవద్దు. బయోస్ రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి (డిస్కులను విడివిడిగా చూసే మోడ్‌కు) మారి ఉంటుంది. తిరిగి రెయిడ్‌కు మార్చండి. జత వివరాలు డిస్కుల మీదే రాసి ఉంటాయి కాబట్టి పాత ఎరే (కలిపిన డిస్కుల జత) దానంతటదే లేచి వస్తుంది. రెయిడ్ మెనూలో కొత్త ఎరే సృష్టించడం మాత్రం ఇనీషియలైజ్ కన్నా ప్రమాదం.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడుగుతోంది.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: బయోస్ మారితే టీపీఎం (ఆ తాళం కీని దాచే భద్రతా చిప్) అలా అడిగించడం మామూలే. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి డివైసెస్ కింద చూడండి. తెర మీది కీ ఐడీతో సరిపోయేదే మీది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. ఏఎండీ బోర్డు ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) రీసెట్ చేయనా అని అడిగితే, కీ చేతిలో పడేదాకా 'వై' నొక్కకండి. ఇకమీదట అప్‌డేట్‌కు ముందు కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్‌ను 'సస్పెండ్' చేయండి.